వాడెక్కడుంటే అక్కడికి: ఒక తల్లి కేసు

ఈ కేసు రాయడానికి ఆమె ఒప్పుకుంది. రాసింది నా చేత చదివించుకుని, రెండు చోట్ల "నేను అలా అనలేదు మేడం" అని దిద్దించింది కూడా. ఊరు, వయసు, కుటుంబ వివరాలు మార్చాను. కుట్టుపని మాత్రం ఉంచమని ఆమే అడిగింది.

నేను గుంటూరులో కౌన్సెలర్‌ని. మా తాతగారు లూథరన్ సంఘంలో ఉపదేశి. బైబిల్ వాక్యాలు వింటూ పెరిగినదాన్ని కాబట్టి, క్రైస్తవ కుటుంబాల కేసులు వస్తే మా డాక్టర్ గారు నాకే పంపుతారు. అది లాభమనే అనుకునేదాన్ని. ఈ కేసులో ఆ వాక్య జ్ఞానమే నన్ను పక్కదారి పట్టించింది.

వచ్చినప్పటి పరిస్థితి

వయసు 51. భర్త పోయి పదేళ్లు. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు 24 ఏళ్లకే, జూన్‌లో, ప్రాణం తీసుకున్నాడు. ఎలా అన్నది ఈ కేసుకు అక్కర్లేదు, రాయను. అక్టోబర్ మొదటి వారంలో ఆమె తమ్ముడు తీసుకొచ్చాడు. నిద్ర లేదు, తిండి లేదు, మిషన్ మీద గుడ్డ కప్పి నాలుగు నెలలైంది, ఆదివారం గుడికి రమ్మంటే పక్కకు తిరిగి పడుకుంటుంది. ఇవీ ఆయన చెప్పినవి. ఆమె ఏమీ చెప్పలేదు. చీర కొంగు అంచును వేళ్లతో కొలుస్తూ కూర్చుంది.

భూస్థాపన సంగతి కూడా తమ్ముడే చెప్పాడు. సంఘ పెద్దలు సమాధుల తోటలో చోటైతే ఇచ్చారు కానీ, లోపల కాదు, ప్రహరీ పక్కన. గంట కొట్టలేదు. పాస్టర్ గారు రాలేదు. తమ్ముడే ఒక కీర్తన ఎత్తుకుని, గొంతు పూడుకుపోయి, మధ్యలో ఆపేశాడు. కుటుంబాన్ని ఓదార్చే ఆదరణ కూడిక పెడదామంటే "ఇలాంటి మరణానికి పెట్టం" అన్నారు. ఆ తర్వాతి ఆదివారం ప్రసంగంలో పేరెత్తకుండానే "తన చేతులతో తానే నరకం తలుపు తీసుకున్నవాడు" అన్న మాట వచ్చిందట. ఆమె అప్పుడు రెండో వరసలో కూర్చుని ఉంది.

మొదటి రోజు మామూలుగా చేసేవన్నీ చేశాను. డిప్రెషన్ కొలిచే తొమ్మిది ప్రశ్నల ఫారం పి.హెచ్.క్యూ-9 లో 18 వచ్చింది, అంటే డిప్రెషన్ ఒక మోస్తరు దాటి తీవ్రానికి దగ్గర్లో ఉంది. కొడుకు గొంతు ఒక్కోసారి వినిపిస్తుందని చెప్పింది. దుఃఖంలో ఉన్నవాళ్లకు అది కొత్త కాదు, పిచ్చి అసలే కాదు. ఆ ఫారంలో చివరి ప్రశ్న, అంటే చనిపోతే బాగుండుననే ఆలోచనలు వస్తున్నాయా అన్నదానికి, ఆమె 'లేదు' అనే చెప్పింది. నేను నమ్మి ముందుకెళ్లిపోయాను.

నా పొరపాటు

నరకం మాట విన్న దగ్గర్నుంచి నాలో తాతగారి మనవరాలు లేచింది. మొదటి సెషన్ రెండో సగం, రెండో సెషన్ దాదాపు మొత్తం, నేను పాస్టర్ గారికి జవాబు చెబుతూ గడిపాను. పాస్టర్ గారు గదిలో లేరు. ఉన్నది ఆమె.

చెప్పినవన్నీ నిజాలే. బైబిల్లో సౌలు రాజు తన కత్తి మీదే పడి చనిపోతే, యాబేష్గిలాదు వాళ్లు రాత్రంతా నడిచి వెళ్లి శవాన్ని తెచ్చి ఎముకలు పాతిపెట్టి ఏడు రోజులు ఉపవాసం ఉన్నారు. దావీదు ఆయన కోసం విలాపగీతం పాడాడు, అందులో ఒక్క నింద లేదు. దావీదు సలహాదారు అహీతోపెలు తన ప్రాణం తానే తీసుకున్నా, అతన్ని తండ్రి సమాధిలోనే పాతిపెట్టారు, ప్రహరీ పక్కన కాదు. గుడి స్తంభాలు లాగి అందరితోపాటు తానూ చచ్చిన సమ్సోను పేరు హెబ్రీ పత్రిక 11వ అధ్యాయంలో విశ్వాసవీరుల వరసలో ఉంది. క్షమాపణ లేని పాపమని యేసు చెప్పింది పరిశుద్ధాత్మను దూషించడం గురించి, దీని గురించి కాదు. నరహత్య చేయకూడదన్న ఆజ్ఞ తన ప్రాణం తాను తీసుకోవడానికీ వర్తిస్తుందని వాదించి స్థిరపరిచింది ప్రధానంగా 5వ శతాబ్దంలో క్రైస్తవ వేదాంతి అగస్టీన్.

అన్నిటికీ తలూపింది. టైమ్ అయిపోయి, చెప్పులు వేసుకుంటూ తలుపు దగ్గర ఆగింది.

"అయితే మేడం, వాడు పరలోకంలో ఉన్నాడా, నరకంలోనా? ఖాయంగా చెప్పండి. వాడెక్కడుంటే అక్కడికి పోవాలి."

ఆమెను మళ్లీ కూర్చోబెట్టాను. అడగాల్సిన ప్రశ్న అప్పుడడిగాను: "అక్కా, మీ ప్రాణం మీరే తీసుకోవాలనుకుంటున్నారా?" ఔనంది. ఎప్పటి నుంచి? పాస్టర్ గారి ప్రసంగం విన్న రోజు నుంచి. రోజు కూడా అనుకుంది: నవంబర్ 2, సమాధుల పండుగ. మరి ఫారంలో లేదన్నారే అంటే, ఆశ్చర్యంగా చూసింది. "చావాలని నాకు లేదు మేడం. వాడి దగ్గరికి పోవాలని ఉంది. వాడికి చీకటంటే భయం."

ఆమె లెక్క ఇది. ఆత్మహత్య చేసుకున్నవాళ్లు నరకానికి పోతారు. వాడు అక్కడ ఒంటరిగా ఉన్నాడు. నేను మామూలుగా చస్తే పరలోకానికి పోతాను, ఇక ఎప్పటికీ వాణ్ని చూడను. కాబట్టి వాడు పోయిన దారిలోనే పోవాలి.

మనుషులు తెగించకుండా కంచెలా పనికొస్తుందని శతాబ్దాలుగా వేసిన బోధ అది. చాలామందికి పనికొచ్చే ఉంటుంది. "నరకం భయం లేకపోతే ఎప్పుడో పోయేదాన్ని" అన్న క్లయింట్లు నాకూ ఉన్నారు. ఈ తల్లికి మాత్రం ఆ కంచే దారి చూపించింది. నేనేమో రెండు వారాలు కూర్చుని ఆ కంచె సరిగ్గా కట్టారా లేదా అని చర్చించాను. అసలు ప్రశ్న మొదటి రోజే నా నోటితో, మామూలు తెలుగులో అడిగి ఉండాలి. అడిగితే ఆలోచన పుట్టిస్తామన్న భయానికి ఆధారం లేదని మా చదువులో మొదటే చెబుతారు. నాకు ఆ భయం లేదు కూడా. ఫారం అడిగేసింది కదా అనుకున్నాను, అంతే.

ఆ రోజే మా డాక్టర్ గారికి చూపించాను. డిప్రెషన్‌కు సెర్ట్రలిన్ 50 మొదలుపెట్టారు, నిద్రకు కొన్ని రోజులు విడిగా మందు ఇచ్చి అది తమ్ముడి చేతిలో ఉంచారు. ఇంట్లో ప్రమాదమనిపించినవి ఆ సాయంత్రమే తీసేశారు. తమ్ముడి భార్య రాత్రిళ్లు వచ్చి పడుకోవడానికి ఒప్పుకుంది. ఆలోచన ముంచుకొచ్చినప్పుడు వరసగా ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో ఒక కాగితం మీద రాశాం. అందులో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 కూడా ఉంది. ఎప్పుడు చేసినా తెలుగులో మాట్లాడతారు. ఆమె ఆ కాగితాన్ని బైబిల్లో పెట్టుకుంది. ఎక్కడ పెట్టారని తర్వాత అడిగితే, రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో అంది. ఏలీయా బదరీవృక్షం కింద కూర్చుని "ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము" అన్న చోటు. దేవదూత అతనికి బోధ చేయలేదు, రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చింది. మందు వేసుకోవడానికి ఆమె ఒప్పుకున్నది డాక్టర్ గారి మాట వల్ల కాదు, ఈ రొట్టె వల్ల.

మూడు కారణాలు, ఒకే గడప

పిల్లవాడి గురించి కొంచెం. పోవడానికి ఎనిమిది నెలల ముందు నుంచే మారాడు. రాత్రుళ్లు పడుకోడు, క్వయర్‌కి పోవడం మానేశాడు, ఉద్యోగం మానేశాడు. స్నానానికి కూడా బతిమాలాల్సి వచ్చేది. ఆర్.ఎం.పి. దగ్గరికి తీసుకెళితే బలానికని సెలైన్ పెట్టాడు. ఇంట్లో ఉపవాస ప్రార్థన పెట్టించారు. అప్పులున్నాయా, ప్రేమా, ఇంకోటా అని అందరూ ఒక కారణం వెతికారు. ఒక్క కారణంతో జరిగే సంగతి కాదిది. నేను విన్నదాన్ని బట్టి తీవ్రమైన డిప్రెషన్ అయి ఉండాలి, కానీ చూడని మనిషికి జబ్బు పేరు పెట్టను.

ఆమె చుట్టూ ముగ్గురు మూడు మాటలు చెప్పారు. పాస్టర్ గారు: తన స్వేచ్ఛతో, తెలిసి చేశాడు. తమ్ముడు: సాతాను శోధన, వాడి చేత చేయించింది. మా డాక్టర్ గారు: జబ్బు, మెదడుకు వచ్చిన జబ్బు.

మూడో మాట ఆమెకు ఊరటనిస్తుందని నేననుకున్నాను. ఐదో సెషన్లో చూస్తే, మూడు దారులూ ఆమె గడప దగ్గరికే వచ్చి ఆగాయి. వాడు కావాలని చేస్తే నరకం. సాతాను చేయిస్తే, నా ప్రార్థన చాలలేదు, నా ఇంటి తలుపు తెరిచి ఉంది. జబ్బయితే, పెద్దాసుపత్రికి తీసుకెళ్లనిది నేనే. కొడుకు మీద నుంచి తీసిన బరువంతా నేరుగా ఆమె నెత్తి మీదికి వచ్చింది. వాడికి స్వేచ్ఛ లేదని తేల్చాం సరే, ఆమెకు మాత్రం పూర్తి స్వేచ్ఛ ఉన్నట్టు, అన్నీ తెలిసి ఊరుకున్నట్టు లెక్క కట్టుకుంది. ఆత్మహత్య తర్వాత మిగిలిన కుటుంబాల్లో నేను పదేపదే చూసేది ఇదే. 'జబ్బు' అని చెప్పి మా పని అయిపోయిందనుకుంటాం.

తెలుగులో మనకు ఇంకో చిక్కుంది. 'ఆత్మహత్య'లో ఆత్మ అంటే 'తాను' అని మాత్రమే. కానీ చర్చిలో పెరిగిన చెవికి ఆత్మ అంటే ఆత్మే. ఆమె దాన్ని 'ఆత్మను చంపేయడం' అనే అర్థం చేసుకుంది. శరీరం పోయాక మిగిలే ఆత్మనే వాడు చంపేసుకుంటే ఇక దేవుడి దగ్గరికి వెళ్లడానికి ఏముంది మేడం, అని అడిగింది. ఆ మాటకు అర్థం అది కాదని పది నిమిషాలు చెప్పాను. అప్పటి నుంచి మా గదిలో ఆ మాట వాడలేదు, 'పోయాడు' అనుకున్నాం.

ఇంకో మాట మాత్రం కలిసొచ్చింది. చిత్తం. దేవుని చిత్తం, నా చిత్తం, స్వచిత్తం అని మనం సంకల్పానికి వాడే మాటే. చిత్తవైకల్యం అన్నప్పుడు మనసు దెబ్బతినడానికీ అదే. చిత్తమే గాయపడితే చిత్తపూర్వకంగా చేశాడని ఎలా అంటాం? ఆమెకు ఇది పుస్తకాల్లో ఏ వాదన కన్నా త్వరగా తలకెక్కింది.

పాస్టర్ గారితో ఒక సాయంత్రం

ఆమె అనుమతితో పాస్టర్ గారిని కలిశాను. నేను ఊహించుకున్న కఠినుడు కాదాయన. చిన్న వయసు. ఆ సంఘంలో అంతకు ముందు ఏడాదే ఇంకో కుర్రాడు అలాగే పోయాడు. పాటలు పాడి పూలు చల్లి పంపిస్తే మిగతా పిల్లలకు దారి చూపినట్టవుతుందని ఆయన భయం. ఆ భయాన్ని కొట్టిపారేయను. ఒక మరణాన్ని గొప్ప చేసి చూపితే దాని వెనక ఇంకోటి రావచ్చని మేమూ చెబుతాం. ఆయన మందు మాత్రం తప్పు మనిషికి పడింది.

ఆయన ప్రధాన వాదన పశ్చాత్తాపానికి టైమ్ లేదని. 13వ శతాబ్దంలో కాథలిక్ వేదాంతి థామస్ అక్వినాస్ కూడా దాదాపు ఇదే అన్నాడు. నిద్రలో గుండె ఆగి పోయినవాడికి మాత్రం టైమ్ ఎక్కడిది అని అడిగాను. ఆయన నవ్వలేదు, ఆలోచించాడు.

నాకు నచ్చిన వాదన, అగస్టీన్ మాటనే అగస్టీన్ మీదికి తిప్పేది. 410లో గోత్ తెగవాళ్లు రోమ్‌ను కొల్లగొట్టినప్పుడు చెరచబడిన స్త్రీలు, ఆ అవమానం భరించలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లు, వీళ్ల గురించే ఆయన ఈ చర్చ మొదలుపెట్టాడు. ప్రాణం తీసుకోకూడదన్నాడు, నిజమే. కానీ అందుకు ఆయన చెప్పిన కారణం చూడండి: పవిత్రత చిత్తంలో ఉంటుంది, చిత్తం ఒప్పుకోనిదే శరీరానికి ఏం జరిగినా ఆ స్త్రీకి పాపం అంటదు. ఆ కొలత ఇక్కడెందుకు వాడకూడదు? కాథలిక్ సంఘం చివరికి అటే వచ్చింది. 1917 కానన్ చట్టంలో, అంటే సంఘ నియమావళిలో, బుద్ధిపూర్వకంగా ప్రాణం తీసుకున్నవాళ్లకు సంఘ భూస్థాపన లేదు. 1983 చట్టంలో ఆ మాట తీసేశారు. ఆ సంఘపు బోధ గ్రంథం 1992 కేటకిజం దీన్ని ఘోర తప్పిదమంటూనే, తీవ్రమైన మానసిక వ్యాధి, వేదన, భయం బాధ్యతను తగ్గిస్తాయని, అలాంటివాళ్ల రక్షణ గురించి నిరాశపడకూడదని రాసింది.

"మనం కాథలిక్కులం కాదు కదమ్మా" అన్నారాయన.

కాదు. మనం మార్టిన్ లూథర్ సంఘం వాళ్లం. 1525లో ఎరాస్మస్ అనే పండితుడి మీద అంత పెద్ద పుస్తకం రాసి, రక్షణ విషయంలో మనిషి చిత్తం స్వేచ్ఛగా లేదు, బందీ అన్నది ఆయనే. ఆ సంఘంలో నిలబడి, ఒక కుర్రాడు స్వేచ్ఛగా నరకం ఎంచుకున్నాడని చెప్పడం నాకు వింతగా ఉంది. పాస్టర్ గారు దీనికి జవాబిచ్చారు: లూథరన్ల విశ్వాస ప్రకటన, 1530 ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు, లోకవిషయాల్లో మనిషికి కొంత స్వేచ్ఛ ఉందంటుంది, ప్రాణం తీసుకోవడం అందులోకే వస్తుంది కదా అని. మంచి జవాబు. నా దగ్గర దానికి పూర్తి సమాధానం లేదు. కానీ లూథర్ భోజనబల్ల దగ్గర అంటే శిష్యులు రాసుకున్న మాటల్లో ఈ సంగతే వస్తుంది. వీళ్లందరూ నశించారని నేననను, వీళ్లు అడవిలో దొంగల చేతిలో చచ్చిన బాటసారుల్లాంటివాళ్లు అంటాడు. వెంటనే ఇంకో మాట కూడా: ఇది సామాన్యులకు చెప్పొద్దు, సాతానుకు సందు దొరుకుతుంది.

ఆ రెండో మాట దగ్గర మేమిద్దరం చాలాసేపు ఆగాం. ఎందుకంటే నా భయమూ అదే. వాడు నరకంలో లేడని ఆమెకు చెబితే, ఆమెను ఆపే చివరి అడ్డు నేనే తీసినట్టవుతుందా? ఆమె విషయంలో ఆ అడ్డు ఎప్పుడో తిరగబడిందని చెప్పి, తలుపు దగ్గర ఆమె అన్న మాట ఆయనకు చెప్పాను. అది చెప్పడానికీ ఆమె అనుమతి తీసుకున్నాను. ఆయన మొహం పాలిపోయింది. తన ప్రసంగం ఆ చెవిలో అలా పడిందని ఆయనకు తెలియదు.

ఒక సంగతి గుర్తు చేశాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే ముందు అనుకోవాలంటుంది. పోలీసులకు చేయమన్న ఊహ సంఘం చేయలేదా అన్నాను. కొంచెం ఘాటుగానే అన్నాను, ఇప్పుడైతే అననేమో.

కొలతల పుస్తకం

వాడెక్కడున్నాడన్న ప్రశ్నకు నేను చివరికి ఇచ్చిన జవాబు, "తెలియదక్కా. నాకే కాదు, నరకమని చెప్పినవాళ్లకూ తెలియదు." మొదట ఆమెకు కోపమొచ్చింది. వారం రాలేదు కూడా. ఫోన్ చేస్తే తమ్ముడి భార్య, "అక్క బాగానే ఉంది, మీ మీద అలిగింది" అంది. ఆ అలక నాకు మంచి గుర్తుగానే అనిపించింది.

తిరిగి వచ్చాక ఆమె గురించి మాట్లాడాం, పిల్లవాడి గురించి కాదు. ఆ ఎనిమిది నెలలు నెలనెలా రాద్దామన్నాను. ఎడమ వైపు అప్పుడు ఆమెకు తెలిసింది, కుడి వైపు ఇప్పుడు తెలిసింది. నోటుబుక్కు కొనమంటే, జాకెట్ల కొలతలు రాసుకునే పాత పుస్తకం వెనక పేజీలు తెచ్చింది. నాలుగు సెషన్లు పట్టింది. అక్టోబర్: వాడు పడుకోవట్లేదు, ఫోన్ చూస్తున్నాడనుకున్నాను. డిసెంబర్: క్రిస్మస్‌కి కొత్త చొక్కా కుట్టాను, వేసుకోలేదు, నచ్చలేదేమో అనుకున్నాను. ఫిబ్రవరి: డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను, నీరసమన్నాడు. ఈ ఫిబ్రవరి దగ్గర ఆమె ఆగిపోయింది. తీసుకెళ్లిన సంగతే మర్చిపోయింది. 'ఏమీ చేయలేదు' అని నాలుగు నెలలుగా చెప్పుకుంటున్న మనిషి, తన చేతిరాతలో తాను చేసినవి చదువుకుంది.

కుడి వైపు ఒక్కో పేజీలో రెండు ముక్కలే రాసింది. తర్వాత పుస్తకం మూసి, "నాకు ఇచ్చిన కొలతతోనే కత్తిరించాను మేడం. కొలత తప్పు" అంది. నేనేమీ కలపలేదు. ఆ రోజు చాలా ఏడ్చింది. ఏడుపు అయ్యాక బయట టీ తాగి వెళ్లిందని ఆయా చెప్పింది.

నవంబర్ 2

దీన్ని వెనక్కి వెళ్లి చెబుతున్నాను, ఎందుకంటే పుస్తకం పని సగంలో ఉండగానే ఆ రోజు వచ్చింది. మందు మొదలై మూడు వారాలే. ఆమెను ఆ రోజు ఆసుపత్రిలో ఉంచుదామని డాక్టర్ గారు అన్నారు. ఆమె మాత్రం సమాధికి సున్నం వేయాలంది. ముందు రోజు సాయంత్రం కలిసి మళ్లీ అడిగాను, సూటిగా. రేపు ఏం చేయాలనుకుంటున్నారు? సున్నం వేసి, చామంతులు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాను, చీకటి పడేదాకా ఉంటాను. ఆ తర్వాత? తమ్ముడింటికి. మాట ఇచ్చింది, మాట మీదే ఆధారపడలేదు, తమ్ముడూ అతని భార్యా పక్కనే ఉండేలా, రాత్రి వాళ్లింట్లోనే పడుకునేలా ఏర్పాటు చేసి ఒప్పుకున్నాం.

ఆ సాయంత్రం పాస్టర్ గారు సమాధుల తోటలో అందరి సమాధుల దగ్గరా ప్రార్థన చేస్తూ వచ్చారు. ప్రహరీ దగ్గరికీ వచ్చారు. ప్రసంగం చేయలేదు, క్షమాపణా అడగలేదు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో, ఖైదీలు పారిపోయారనుకుని కత్తి దూసి చచ్చిపోబోయిన ఫిలిప్పీ చెరసాల నాయకుడితో పౌలు అన్న మాట చదివారట: "నీవు ఏ హానియు చేసికొనవద్దు, మేమందరము ఇక్కడనే యున్నాము." చదివి, కొవ్వొత్తి ఒకటి ఆరిపోతే వెలిగించి వెళ్లారట. ఆ మాట ఆయన ఎవరికి చదివారో, కొడుక్కా తనకా అని ఆమె నన్నడిగింది. ఆయన్నే అడగమన్నాను. అడిగిందో లేదో నాకు చెప్పలేదు.

ఇప్పటికి

తొమ్మిది నెలలైంది. పి.హెచ్.క్యూ-9 ఏడుకు దిగింది, మందు ఇంకా కొనసాగుతోంది. చివరి ప్రశ్న ఫారం మీద వదలకుండా ప్రతిసారీ నేనే అడుగుతున్నాను, ఆమె మాటల్లోనే: వాడి దగ్గరికి పోవాలనుందా? మే నెలలో ఒకసారి ఔనంది, వాడి పుట్టినరోజు వారంలో. కాగితం తీసి మరదలికి ఫోన్ చేశానని కూడా చెప్పింది. మిషన్ మీద గుడ్డ తీసింది. గుడికి వెళుతోంది, కానీ చివరి వరసలో, తలుపు పక్కన కూర్చుంటోంది. సమాధి రాయి చెక్కించాలి. మామూలుగా 'ప్రభువునందు నిద్రించెను' అని రాయిస్తారు. పెద్దలు ఇంకా ఏమీ చెప్పలేదు. చెక్కేవాడికి ప్రస్తుతానికి పేరు, రెండు తేదీలు మాత్రం ఇచ్చింది, కింద ఒక వరసకు చోటు వదలమంది.